ఎవరూ ఎత్తకుండా సముద్రంలోకి

నాకు అక్షరాలు నలభై ఏడో ఏట వచ్చాయి. అంతకుముందు రాయకపోవడానికి పెద్ద కథేమీ లేదు. మాది కాకినాడ దిగువన సముద్రపు ఒడ్డు ఊరు. బడి పాయకి అవతల ఉండేది. పాయ దాటించే పడవ పొద్దున్నే చేపల తట్టలతో నిండిపోయేది. ఖాళీ ఉంటే మగపిల్లలు ఎక్కేవారు. ఇవతల మిగిలిపోయిన ఆడపిల్లలకి ఎండుచేపల మీద వాలే కాకుల్ని తోలే పని ఉండేది. నేను ఆ పనిలో పెరిగి, ఆ పనిలోంచే పెళ్లయి వెళ్లి, ముప్పై ఏళ్లు దాటాక బహ్రెయిన్ వచ్చాను.

ఇక్కడ మొదటి ఏడేళ్లు సీఫ్ అనే పేటలో ఒక మాల్‌లో నేల తుడిచాను. తర్వాత ఇళ్లలో కేర్‌గివర్‌గా కుదిరాను. మంచానికో కుర్చీకో పరిమితమైన మనిషిని కనిపెట్టుకుని ఉండే పని అది. చదువు లేని నేను ఆ పనిలో ఎలా నెగ్గుకొచ్చానంటే, ఒక తాడుతో. పేషెంటు కుర్చీ వెడల్పుకి ఒక ముడి, సీటు ఎత్తుకి ఒక ముడి వేసిన తాడు నా నడుముకి ఎప్పుడూ ఉండేది. ఏ తలుపు దగ్గరికి వెళ్లినా ముందు తాడు పట్టి చూసేదాన్ని. మందులకి రంగుల చుక్కలు పెట్టుకునేదాన్ని. ఆ తర్వాత సనాబిస్‌లో కుట్టు దుకాణం నడిపే రత్నంగారు శుక్రవారాల్లో మా అయిదుగురు ఆడవాళ్లని కూర్చోబెట్టి, బట్టల మీద గీసే సుద్దముక్కతో అక్షరాలు నేర్పించారు. "చేప ముల్లు తీసే చెయ్యి, అక్షరం తిప్పలేదంటే నేను నమ్మనే" అనేవారు.

నా పనిలో ఏముంటుందని అడిగేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. అన్నిటికంటే గర్వంగా చెప్పుకునేది 2023లో జరిగింది.

అప్పటికి సనాబిస్‌లోనే ఒక ఇంట్లో నాలుగేళ్లుగా ఉన్నాను. ఇంటి పెద్దావిడని ఇక్కడ మామా అంటాం, పెద్దాయన్ని బాబా అంటాం. మా మామా అరవై మూడేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పింది. ఎనిమిదేళ్ల క్రితం కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము కింద బలం పోయింది. చేతులు మాత్రం ఉక్కు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కారులోకి తనే జరుగుతుంది. అందుకు ట్రాన్స్‌ఫర్ బోర్డు అని నున్నటి చెక్క ఒకటుంటుంది. రెండు సీట్ల మధ్య వంతెనలా వేస్తే దాని మీద జారి అటు చేరుకోవచ్చు. రెండు సీట్లూ ఒకే ఎత్తులో, కదలకుండా ఉండాలి. అదొక్కటే షరతు.

మేమిద్దరం మాట్లాడేది సగం అరబ్బీ, సగం హిందీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఒకరోజు టీవీలో పగడపు దిబ్బలు చూపిస్తుంటే మామా అంది:

"మంగా, నాకు అది చూడాలి."

"చూస్తున్నారుగా మామా."

"ఇలా కాదు. నీళ్లలో తల పెట్టి చూడాలి. ఒక్కటే మాట. నన్ను ఎవరూ ఎత్తకూడదు."

ఆ మాట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. నేను చేరకముందు చుట్టాలతో కలిసి ఒక ద్వీపానికి వెళ్లిందట. పడవ దగ్గర నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తి మోశారు. పక్కనున్నవాళ్లు నవ్వుతూ ఫొటోలు తీశారు. వాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు. కానీ ఆవిడ తిరిగొచ్చి నాలుగు నెలలు గడప దాటలేదు. "పెళ్లిలో సోఫా మోసినట్టు మోశారు. నేను సామాన్‌ని కాదు" అనేది. ఈసారి కూడా అలాగే జరిగితే, ఆవిడ ఇక ఎక్కడికీ బయల్దేరదని ఇంట్లో అందరికీ తెలుసు.

మామా కూతురు మర్యం సీఫ్‌లో ఒక ఆఫీసులో పని చేస్తుంది. వారంలో పాతిక హోటళ్ల పేర్లు తెచ్చింది. అన్నిటి ముందూ యాక్సెసిబుల్ అని ఉంది. కుర్చీ మనిషికి వీలైన చోటు అని దాని అర్థం.

"ఇందులో ఏదైనా సరే మంగా. అన్నీ వీలైనవే" అంది మర్యం.

"ఎవరికి వీలు, మేడం? రాసినవాళ్లకా?" అన్నాను. మామా పకపకా నవ్వింది.

ఆ రాత్రి మొదలుపెట్టి, నాలుగు రోజులు కూర్చుని ఒక నోటుపుస్తకంలో ప్రశ్నలు రాశాను. నా జీవితంలో అంత పొడుగు రాత అదే మొదటిది. రత్నంగారి టేపుతో నా తాడు ముడుల్ని అంగుళాల్లోకి మార్చి రాసుకున్నాను. మామాకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా పంతులమ్మ కదా, ఎర్ర పెన్ను తీసుకుని వరస వంకర పోయిన చోటల్లా గీత గీసింది. "ఏం రాశావో నాకు తెలీదు. గీత మీద రాయి."

ఈలోగా ఆవిడ సాధన మొదలుపెట్టింది. స్నార్కెల్ అంటే నీళ్లలో ముఖం పెట్టి ఊపిరి పీల్చే గొట్టం. దాన్ని నోట్లో పెట్టుకుని, అద్దాలు తగిలించుకుని హాల్లో కూర్చునేది. అలా ఉండగా ఆవిడ అన్నగారు వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"సముద్రం ఏదీ?"

మామా గొట్టం తియ్యకుండానే వేలితో తలుపు చూపించి, చెప్పులు బయట విప్పి రమ్మని సైగ చేసింది.

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వయినా చెప్పొచ్చు కదా మంగా, ఈ వయసులో..."

"చెప్పానండి బాబా. గొట్టాన్ని పళ్లతో మరీ గట్టిగా కొరకొద్దని."

ఇక హోటళ్ల సంగతి. మర్యం ఫోన్‌లో వీడియో కలిపేది, నేను నోటుపుస్తకం చూసి అడిగేదాన్ని. ద్వీపాలు మొదటి వారంలోనే జాబితాలోంచి పోయాయి. విమానం దిగాక ఇంకో చిన్న పడవ ఎక్కాలి. పడవ నీటి మీద ఊగుతుంది, ఒడ్డు ఊగదు. ఊగే సీటుకి, ఊగని సీటుకి మధ్య బోర్డు నిలవదు. అక్కడ ఎత్తాల్సిందే.

ఎర్ర సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటలు మర్యంకి బాగా నచ్చింది. గది బాగుంది, పగడాలు ఒడ్డుకి దగ్గర. కానీ అక్కడ నీళ్లలోకి దిగేది చెక్క వంతెన చివర్నించి, నిచ్చెన మీద.

"మరి మా మామా ఎలా దిగుతారు?" అని అడిగాను.

"నో ప్రాబ్లం. మా కుర్రాళ్లు బలమైనవాళ్లు" అన్నాడు మేనేజరు.

మామా ముఖం చూసి మర్యం ఫోన్ కట్టేసింది. నేను నోటుపుస్తకంలో ఒక ప్రశ్న కొట్టేసి, ఇంకో మాట రాసుకున్నాను: మేనేజర్లని అడగొద్దు.

అది మాల్‌లో తుడిచిన ఏడేళ్లు నేర్పిన సంగతి. ఒక భవనంలో ఎక్కడ మెట్టుందో, ఎక్కడ గడపుందో కట్టినవాడు మర్చిపోతాడు. అమ్మేవాడికి అసలు తెలియదు. తుడిచే మనిషికి మాత్రం తెలుసు, ఎందుకంటే నీళ్లు అక్కడ ఆగుతాయి. అప్పట్నించి ప్రతిచోటా గదులు తుడిచే మనిషిని ఫోన్ దగ్గరికి పిలవమన్నాను. కొందరు నవ్వారు. కొందరు కట్టేశారు. పిలిచినచోట ఒకటే అడిగేదాన్ని: "బాత్రూమ్ కడిగేటప్పుడు నీళ్లు ఎక్కడ ఆగుతాయి?" యాక్సెసిబుల్ అని రాసుకున్న మూడు హోటళ్లలో నాలుగేసి వేళ్ల ఎత్తు గడప ఉందని అలా తేలింది.

జోర్డాన్‌లో అఖబా అనే ఊరు ఉంది. అక్కడ ఒక చిన్న హోటల్లో ఫోన్ దగ్గరికొచ్చిన మనిషి పేరు రెహానా. బంగ్లాదేశ్ అమ్మాయి, హిందీ వచ్చు.

"బాత్రూమ్‌లో నీళ్లు ఎక్కడ ఆగుతాయి, బహెన్?"

"ఆగితేనా, దీదీ! గడప కట్టలేదు వీళ్లు. నీళ్లన్నీ మంచం కిందికి వస్తాయి. రోజూ రెండుసార్లు తుడిచి చస్తున్నాను. కట్టినవాడి చేతులు పడిపోను."

"అలా అనకు. వాడు నూరేళ్లు చల్లగా ఉండాలి" అన్నాను. ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. మామా కుర్చీలో ముందుకి వంగింది.

రెహానా టేపు తెచ్చి తలుపు కొలిచింది. సరిపోయింది. మంచం మాత్రం కుర్చీ సీటు కంటే మూడంగుళాలు ఎత్తు. "కాళ్ల కింద చెక్కలున్నాయి, తీసేయిస్తాను" అంది. తర్వాత ఫోన్ పట్టుకుని ఒడ్డుకి నడిచింది. మెట్లు, ఇసుక, మళ్లీ మెట్లు. నోటుపుస్తకంలో ఆ హోటలు పేరు కొట్టేయబోయాను. అప్పుడు తెరలో ఒక మూల, ఒడ్డున బాగా పైన, నీలం రంగు పడవ కనిపించింది.

"ఆగు. ఆ పడవ అక్కడికి ఎలా వచ్చింది?"

"ఎలా రావడమేంటి దీదీ?"

"పడవ మెట్లెక్కదు కదా."

రెహానా ఫోన్ తిప్పింది. హోటలు వెనక పక్కన సిమెంటు వాలు ఒకటి నేరుగా నీళ్లలోకి దిగి ఉంది. పైన చేత్తో తిప్పే ఇనప చక్రం, దానికి తాడు. పడవని లాగేది దాంతోనే. ఆ వాలు సంగతి హోటలు వాళ్లు ఎక్కడా రాయలేదు. వెనకే పరిగెత్తుకొచ్చిన మేనేజరు, "అది అతిథులకి కాదు మేడం, పడవలకి" అన్నాడు.

మామా ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. "అయితే నన్నూ పడవే అనుకో."

వాలు కిందనుంచి పగడాలు యాభై అడుగుల్లోనే మొదలవుతాయని అక్కడి డైవింగ్ నేర్పే ఆవిడ చెప్పింది. ఆవిడ నీళ్లలో పక్కన ఉండడానికి ఒప్పుకుంది. మామా డాక్టరు కూడా సరేనని, పాతిక నిమిషాలకి మించొద్దన్నాడు. బలం, స్పర్శ లేని కాళ్లకి చలి తెలియదు, దెబ్బ తగిలినా తెలియదు. అందుకే మందపాటి మేజోళ్లు, ఒళ్లంతా కప్పే ఈత బట్టలు కొన్నాం. వేసవి అంతా ఫిజియోథెరపీ కొలనులో సాధన చేశాం. పాత ఇనప కుర్చీ ఒకటి నీళ్లకోసం సిద్ధం చేశాను. గాలి చక్రాల కుర్చీ నీళ్లలో తేలిపోతుంది. ఇనపది నిలబడుతుంది.

అక్టోబరులో వెళ్లాం. మామా, మర్యం, నేను. విమానంలో అరగంటకోసారి మామాని అటూ ఇటూ ఒరగమన్నాను. ఒకే చోట బరువు పడితే ప్రెషర్ సోర్ అని పుండు పడుతుంది, అది మానడానికి నెలలు పడుతుంది. సాయంత్రానికి హోటలు చేరాం. మంచం సరిగ్గా సీటు ఎత్తులో ఉంది. మామా బోర్డు మీద జారి, పక్కమీద చేతులు చాచి పడుకుని, "నీ తాడుకి జీతం పెంచాలి" అంది.

నేను వాలు చూడ్డానికి వెళ్లాను. నీళ్ల అంచున పాదం పెట్టగానే జారి కూలబడ్డాను.

పాచి. నీళ్లలో ఉన్న సిమెంటు మీద పచ్చగా, వేలు మందాన పట్టింది.

నోటుపుస్తకంలో నలభైకి పైగా ప్రశ్నలున్నాయి, ఆ ఒక్కటి లేదు. ఎందుకు లేదో అక్కడ కూలబడే ఆలోచించాను. మా ఊళ్లో పాచి పట్టిన వాలు అంటే అదృష్టం. పడవ సునాయాసంగా జారుతుంది. ఫోన్‌లో ఆ పచ్చదనం నాకు కనిపించింది కూడా. మంచి వాలు అనుకున్నాను. పడవల పిల్లగా చూశాను, కుర్చీ తోసే మనిషిగా చూడలేదు.

నేను పైకొచ్చేసరికే మామా కిటికీలోంచి అంతా చూసేసింది. మేనేజరు అప్పటికే ఓదార్పుతో వచ్చి ఉన్నాడు. "నలుగురు కుర్రాళ్లని పిలుస్తాను మేడం. రెండు నిమిషాల పని."

మామా స్నార్కెల్ గొట్టాన్ని సంచిలో పెట్టి జిప్ వేసింది. "ఖలాస్. ఎల్లుండి ఇంటికి పోదాం."

"తప్పు నాది, మామా. నేను అడగాల్సింది అడగలేదు. రేపు మధ్యాహ్నం దాకా ఆగండి."

"ఏం చేస్తావు, సముద్రాన్ని తుడుస్తావా?"

"తుడవడం నాకు వచ్చిన పనే కదా" అన్నాను.

మర్నాడు పాటు వేళకి, అంటే నీళ్లు వెనక్కి తీసినప్పుడు, గట్టి పుల్లల చీపుర్లు రెండు, ముతక ఇసుక ఒక బకెట్ తీసుకుని దిగాను. రెహానా డ్యూటీ ఎక్కకముందే వచ్చి చీర కుచ్చెళ్లు ఎత్తి కట్టినట్టు తన సల్వారు పైకి మడిచింది. ఇద్దరం పైనుంచి కిందికి ఇసుక చల్లి రుద్దాం. నడుములోతు దాకా రుద్దాం. అయినా నా పాదానికి నమ్మకం కలగలేదు. రెహానా లోపలికి వెళ్లి గదుల ముందు వేసే కొబ్బరి పీచు పట్టాలు చంకన పెట్టుకుని వచ్చింది. వాటిని ఒకదానికొకటి తాడుతో కుట్టి, వాలు పొడవునా పరిచి, అంచులకి రాళ్లు కట్టాం. ఆ రోజు ఆ అంతస్తులో ఏ గుమ్మం ముందూ పట్టా లేదు.

పడవ చూసుకునే ముసలాయన ఇదంతా చూస్తూ టీ తాగుతున్నాడు. చివరికి లేచి తన ఇనప చక్రం తాడుని కుర్చీ వెనక కడ్డీకి కట్టి, మూడుసార్లు లాగి చూశాడు. "ఇది రెండు పడవల్ని ఆపుతుంది" అన్నాడు. ముందు నేనే కుర్చీలో కూర్చుని రెండుసార్లు కిందికీ పైకీ వెళ్లొచ్చాను. నాకంటే బరువైన మర్యంని ఎక్కించి ఇంకోసారి. "ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పకండి" అంది మర్యం.

పదిన్నరకి మామా వాలు తల దగ్గరికి వచ్చింది. మేనేజరు దూరంగా నిలబడ్డాడు. పక్కన కుర్రాళ్లు లేరు. మామా పట్టాల్ని, తాడుని, ముసలాయన్ని వరసగా చూసి, బోర్డు మీద ఇనప కుర్చీలోకి జారింది.

"ఎవరు చెప్తే తిప్పుతాడు?" అని అడిగింది.

"మీరు చెప్తే. యల్లా అంటే వదులుతాడు, బస్ అంటే ఆపుతాడు."

మామా బెల్టు బిగించుకుంది. "యల్లా."

కుర్చీ రెండడుగులు దిగింది. "బస్." ఆగింది. బడిలో పిల్లల వరసని ఆపినట్టు ఆపింది. మళ్లీ "యల్లా". అలా బస్ అనుకుంటూ, యల్లా అనుకుంటూ పట్టాల మీంచి నీళ్లలోకి వెళ్లింది. నేను పక్కనే నడిచాను. నీళ్లు మోకాళ్లు దాటాయి, ఒడి దాటాయి, నడుము మునిగింది. అక్కడ ఆపి, బెల్టు తీసి, తేలే జాకెట్ సర్దుకుని, రెండు చేతులతో కుర్చీ చేతుల్ని నొక్కింది. కొలనులో చేసినట్టే. నీళ్లు ఆవిడ బరువు అందుకున్నాయి. కుర్చీ ఖాళీ అయింది.

డైవింగ్ ఆవిడ ఒక పక్క, నేను ఒక పక్క. నేనూ అద్దాలు పెట్టుకుని ముఖం ముంచాను. నేను చిన్నప్పట్నించి చేపల మధ్య పెరిగాను. వలలో కొట్టుకునే చేపల్ని చూశాను, ఎండలో ఒరుగులైన చేపల్ని చూశాను. బతికున్న చేప తన ఇంట్లో తన పని తాను చూసుకోవడం మాత్రం అదే మొదటిసారి. మామా చేతులు నిదానంగా అటూ ఇటూ కదులుతున్నాయి. కాళ్లు వెనకాల తేలుతున్నాయి, ఆవిడకి వాటితో పనే లేదు.

పదిహేను నిమిషాల తర్వాత తల పైకెత్తి గొట్టం ఉమ్మేసింది.

"మంగా, ముప్పై ఏళ్లు పిల్లల చేత సముద్రానికి ఒకే నీలం రంగు వేయించాను. ఇంకో రంగు వేసినవాళ్లకి మార్కులు తీసేశాను." అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "వాళ్లందరికీ మార్కులు తిరిగి ఇచ్చేయాలి" అంది.

రావడం పోవడమంత తేలిక కాలేదు. కొలనులో మంచినీళ్లు, ఇక్కడ ఉప్పునీళ్లు. కాళ్లు పైకి తేలిపోతున్నాయి, కూర్చోనివ్వడం లేదు. డైవింగ్ ఆవిడ తన నడుము బెల్టులోంచి బరువు కోసం పెట్టుకునే రెండు సీసపు ముక్కలు తీసి మామా చీలమండలకి మెత్తటి గుడ్డ వేసి కట్టింది. కాళ్లు దిగాయి. మామా కుర్చీ చేతులు పట్టుకుని, ఒకసారి తప్పిపోయి, రెండోసారి తనంతట తను సీట్లో కూర్చుంది. "యల్లా" అని ఒక్క కేక వేసింది. ముసలాయన చక్రం తిప్పాడు. పైకొచ్చేదాకా ఇక ఒక్కసారి కూడా బస్ అనలేదు.

ఈ పని గురించి అడిగేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇది. చోటు ఎంచడమంటే అందమైన ఫొటో ఎంచడం కాదు. మంచం దగ్గర్నించి నీళ్ల దాకా, మళ్లీ నీళ్ల దగ్గర్నించి మంచం దాకా మనిషి ఎవరి చేతుల మీద పడకుండా వెళ్లే దారి వెతకడం. ఆ దారి సంగతి తుడిచేవాళ్లని, లాగేవాళ్లని అడగాలి. మనకి బాగా తెలుసనుకున్న విషయాన్ని ఇంకోసారి అడగాలి. నేను పాచి దగ్గర అడగలేదు. ఇప్పుడు నా నోటుపుస్తకంలో మొదటి ప్రశ్న అదే.

మర్నాడు పొద్దున్న మామా లేవగానే ఒళ్లంతా చూశాను. వీపు, తుంటి, మడమలు. ఎక్కడా ఎర్రబడలేదు. మా పనిలో రోజూ రాయాల్సిన చార్టు ఒకటుంటుంది. మందులు, తిండి, చర్మం, కదలిక. నాలుగేళ్లుగా అందులో టిక్కులే పెట్టేదాన్ని, మాటలు మర్యం రాసేది. ఆ పొద్దున్న పెన్ను నేనే తీసుకున్నాను. మామా గీతలు చూస్తూ పక్కనే ఉంది. ముందురోజు గడిలో, కదలిక అన్నచోట, తెలుగులో రాశాను: సముద్రంలో ఇరవై అయిదు నిమిషాలు. ఎవరూ ఎత్తలేదు.

తర్వాత కిందికి వెళ్లి, ఇనప కుర్చీ చక్రాలకి పట్టిన ఉప్పుని మంచినీళ్లతో కడిగి, ఇరుసులకి నూనె పెట్టాను. పదిన్నరకి మళ్లీ దిగాలి.